జన్వాడలో ఉప్పునీటి జంట తొట్టి



జన్వాడ నుంచి సముద్రం చూడాలంటే బాపట్ల దగ్గరి సూర్యలంక దాకా పోవాలి. రోడ్డు మీద 300 కిలోమీటర్లకు పైనే. అయినా ఇక్కడ ఇంటి హాల్లో ఉప్పునీటి తొట్టి పెట్టుకుని, అందులో సముద్రపు చేపల్ని ఏళ్ల తరబడి ఆరోగ్యంగా పెంచుకోవచ్చు. డబ్బు కావాలి, ఓపిక కావాలి, కరెంటు పోతే ఆదుకునే ఏర్పాటు కావాలి. మోకిల, శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల వైపు కొత్త ఇళ్లు కట్టుకున్నవాళ్లలో ఈ సరదా ఉన్నవాళ్లు నన్ను తరచుగా ఒకటే అడుగుతుంటారు: పెద్ద తొట్టిలో రంగురంగుల చేపలు, దాని పక్కనే చిన్న తొట్టిలో సముద్రపు గుర్రాలు, రెండింట్లోనూ ఒకే నీళ్లు తిరగాలి, కుదురుతుందా అని. ఆ జంట తొట్టి గురించే ఇవాళ మాట్లాడతాను. ఎలా కట్టాలో చెబుతాను, రెండో తొట్టిలో ఏది పెట్టకూడదో కూడా చెబుతాను.

ముందు నీళ్ల సంగతి. మన ప్రాంతంలో నేల కింద ఉన్నది గ్రానైటు. ఆ రాతి పగుళ్లలోంచి వచ్చే బోరునీళ్లు గట్టి నీళ్లు. గీజరు కడ్డీకి పట్టే తెల్లటి పెచ్చు చూస్తే ఆ సంగతి ఎవరికైనా తెలుస్తుంది. పొలాల మధ్య బోరైతే ఎరువుల నుంచి దిగిన నైట్రేటు కూడా ఉండొచ్చు. ఈ నీళ్లలోనే ఉప్పు కలిపితే తొట్టిలో చేపలకన్నా ముందు నాచు పెరుగుతుంది. వంటింట్లో ఉన్న ఆర్వో మిషను తాగడానికి పనికొచ్చేలా నీళ్లలో కొంత ఖనిజం ఉంచుతుంది, కాబట్టి అదీ చాలదు. ఆర్వో తర్వాత డీఐ అనే రెసిన్ గొట్టం కూడా ఉన్న యూనిట్ కావాలి. టీడీఎస్ మీటరు ముంచితే సున్నా చూపించాలి.

ఆ నీళ్లలో కలిపేది కూర ఉప్పు కాదు. కూర ఉప్పు దాదాపు అంతా సోడియం క్లోరైడే, పైగా అయోడిన్, గడ్డకట్టకుండా కలిపే మందు ఉంటాయి. సముద్రపు నీటిలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, బైకార్బొనేటు అన్నీ వాటి వాటి పాళ్లలో ఉంటాయి. ఆ పాళ్లతో తయారుచేసిన అక్వేరియం ఉప్పు బకెట్లలో దొరుకుతుంది. లీటరుకు సుమారు 35 గ్రాములు. 300 లీటర్ల తొట్టికి పది, పదకొండు కిలోలు పడుతుంది. డ్రమ్ములో చిన్న మోటారు వేసి ఒక రాత్రంతా తిప్పాలి. పొద్దున రిఫ్రాక్టోమీటరు గాజు మీద ఒక చుక్క వేసి, మూత మూసి, వెలుతురుకేసి పట్టి చూస్తే నీలం, తెలుపు కలిసే గీత 35 దగ్గర నిలవాలి. సాంద్రత లెక్కలో చెబితే 1.025 నుంచి 1.026.

సముద్రం నీళ్లే క్యాన్లలో తెచ్చుకుంటే పోదా అని అడుగుతారు. నా సలహా వద్దనే. ఒడ్డు దగ్గరి నీళ్లలో ఏం కలిసిందో మనకు తెలియదు. పైగా కృష్ణా, గోదావరి నదులు వరదల్లో ఉన్న కాలంలో ఒడ్డు దగ్గర బంగాళాఖాతం ఉప్పదనం బాగా పడిపోతుంది. ఇవాళ తెచ్చిన నీళ్లకూ నాలుగు నెలల తర్వాత తెచ్చిన నీళ్లకూ పొంతన ఉండదు. సముద్రపు చేపలకు కావలసింది నిలకడ. ఉప్పదనమైనా, వేడి అయినా, మార్పు లేకుండా ఉండడమే వాటికి ఆరోగ్యం.

నీళ్లు పోసిన వారంలోనే చేపలు తెచ్చి వదిలితే చచ్చిపోతాయి. చేప విసర్జించేది అమ్మోనియా. అది విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేటుగా మారుస్తుంది, కొంత మోతాదు దాకా దాన్ని చేపలు తట్టుకుంటాయి. ఈ బ్యాక్టీరియా రాళ్ల సందుల్లో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతదాకా చేపల్లేని తొట్టిలో, బ్యాక్టీరియాకు మేతగా కొద్దిగా అమ్మోనియా వేసి, నీళ్లు తిప్పుతూ ఉండాల్సిందే. పరీక్ష సీసాలో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపించాకే మొదటి చేప.

రాళ్ల గురించి ఇక్కడే చెప్పాలి. విదేశాల్లో తొట్టెలు పెట్టేవాళ్లు సముద్రం నుంచి తెచ్చిన పగడపు రాయి వాడడం మీరు వీడియోల్లో చూసి ఉంటారు. మన దేశంలో దిబ్బలు కట్టే పగడాలన్నీ, సీ ఫ్యాన్లతో సహా, 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వచ్చాయి. చచ్చిన పగడపు ముక్క తెచ్చుకున్నా తప్పే. సిరామిక్‌తోనో సిమెంటుతోనో చేసిన రంధ్రాల రాళ్లు దొరుకుతాయి. బ్యాక్టీరియాకు ఆ రంధ్రాలు చాలు.

ఇప్పుడు జంట తొట్టి. సముద్రపు గుర్రాలకు వేరే గది ఎందుకు కావాలో తెలియాలంటే ఆ జీవి ఒంటి తీరు తెలియాలి. దానికి పళ్లు లేవు, కడుపు సంచీ లేదు. మూతి గొట్టంలా ఉంటుంది. దాంతో ఆహారాన్ని ఒక్కసారిగా లోపలికి పీల్చేస్తుంది. పీల్చింది పేగుల్లోంచి త్వరగా వెళ్లిపోతుంది కాబట్టి రోజుకు రెండు మూడు సార్లయినా మైసిస్ రొయ్యలు, ఆర్టీమియా లాంటి చిన్న ఆహారం పెట్టాలి. ఈదడంలో బాగా నెమ్మది. వీపు మీది చిన్న రెక్క సెకనుకు ముప్పై సార్లకు పైగా కొట్టుకున్నా ముందుకు పోయేది కొంచెమే. అందుకే తోకతో గడ్డికో కొమ్మకో చుట్టుకుని, ఆహారం దగ్గరికి వచ్చేదాకా నిలబడి చూస్తుంది. ఒక కన్ను ఇటు, ఒక కన్ను అటు విడివిడిగా తిరుగుతాయి. అలాంటి జీవిని క్లౌన్‌ఫిష్, డామ్సెల్ చేపల మధ్య వదిలితే, అది ఒక రొయ్యను చూసి గురిపెట్టేలోగా మిగతా చేపలు తొట్టంతా ఊడ్చేస్తాయి. సముద్రపు గుర్రం మెల్లగా పస్తులతో చస్తుంది. పైగా సీ అనిమోన్, కొన్ని పగడాలు కుట్టే జీవులు. తోకతో దేన్నైనా పట్టుకునే ఈ జీవి వాటిని పట్టుకుంటే ఒళ్లు కాలినట్టు పుండ్లవుతాయి.

అందుకని కిందొక సంపు, పైన రెండు తొట్టెలు అన్న పద్ధతి వచ్చింది. రెండు తొట్టెల నుంచి నీళ్లు పొంగి గొట్టాల్లో కిందికి దిగుతాయి. సంపులో స్కిమ్మర్ మురికిని నురుగుగా తీసేస్తుంది, టీ డికాక్షన్ రంగులో కంపు కొట్టే ద్రవం కప్పులో చేరుతుంది. శుభ్రమైన నీళ్లను ఒకే మోటారు పైకి కొడుతుంది. పైకి వెళ్లే గొట్టం రెండుగా చీలి, చిన్న తొట్టి వైపు ఒక వాల్వు ఉంటుంది. ఆ వాల్వు తిప్పి చిన్న తొట్టిలో ప్రవాహాన్ని మెత్తగా ఉంచుతారు. నీళ్లు దిగే చోట జాలీ కట్టాలి. మొత్తం నీళ్లు ఎక్కువయ్యేకొద్దీ ఉప్పదనం, వేడి త్వరగా మారవు. రెండు తొట్టెల్ని కలపడంలో అసలు లాభం అదే. నష్టమూ ఉంది. ఒక తొట్టిలో జబ్బు వస్తే రెండో తొట్టికి వెళ్తుంది. వేడి కూడా రెండింటికీ ఒకటే. పెద్ద తొట్టిని 25, 26 డిగ్రీల దగ్గర ఉంచుతారు. సముద్రపు గుర్రాలను పెంచిన అనుభవజ్ఞులు అంతకన్నా కాస్త చల్లగా ఉంచమంటారు, ఎందుకంటే నీళ్లు వేడెక్కినకొద్దీ వాటిని చంపే విబ్రియో బ్యాక్టీరియా పెరుగుతుంది.

మన ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి నీళ్లను చల్లబరిచే చిల్లర్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. ఫ్యాను గాలితో సరిపెడదామనుకునేవాళ్లు రోజూ ఆవిరయ్యే నీళ్లను మర్చిపోతారు. ఆవిరై పోయేది నీళ్లే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. తగ్గిన నీళ్లకు బదులు ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పోయాలి. తొట్టి అంచుల మీద, గొట్టాల అతుకుల దగ్గర తెల్లటి ఉప్పు పొక్కులు లేస్తాయి. వారానికోసారి తడిగుడ్డతో తుడవకపోతే అవి స్విచ్‌బోర్డు దాకా పాకుతాయి. ప్లగ్గులు తొట్టికన్నా ఎత్తున పెట్టించుకోండి.

కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో చాలామంది ప్లంబర్లకు తట్టదు. మోటారు ఆగితే పైనున్న తొట్టెల్లో పొంగే మట్టానికి పైన ఉన్న నీళ్లన్నీ సంపులోకి దిగిపోతాయి. పెద్ద తొట్టి మీటరు పొడవు, అర మీటరు వెడల్పు అనుకోండి. రెండు సెంటీమీటర్ల మట్టం తగ్గితేనే పది లీటర్లు. చిన్న తొట్టి నుంచి ఇంకో నాలుగైదు లీటర్లు. గొట్టాల్లో నిలిచినవి మరికొన్ని. సంపులో ఎప్పుడూ పాతిక లీటర్ల చోటు ఖాళీగా ఉండాలి, లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ ఉప్పునీళ్లు హాలు నేల మీద ఉంటాయి. పైకి వెళ్లే గొట్టం నీళ్లలో మునిగి ఉంటే అది కూడా వెనక్కి లాగుతుంది, కాబట్టి నీటి మట్టానికి కొంచెం కింద గొట్టానికి సన్నటి రంధ్రం పెట్టాలి. మోటారు, గాలి పంపు రెండూ ఇన్వర్టర్ మీద ఉండాలి. బరువు కూడా లెక్క చూసుకోండి. 300 లీటర్ల ఉప్పునీళ్లే 300 కిలోల పైన. గాజు, రాళ్లు, స్టాండు కలిపితే 400 దాటుతుంది. కింది అంతస్తులో గట్టి నేల మీద, ఎండ తగలని గోడ పక్కన పెట్టడం మంచిది.

కట్టడం ఇదీ. ఇప్పుడు ఆ చిన్న తొట్టిలో ఏం ఉంచాలి?

సముద్రపు గుర్రాలను ఉంచకూడదు. ఈ మాట నేను మెత్తగా చెప్పదలచుకోలేదు. 2001 జులైలో కేంద్ర ప్రభుత్వం సముద్రపు గుర్రాల కుటుంబాన్ని మొత్తంగా వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో, ఏనుగుతో పాటు మొదటి షెడ్యూల్‌లో చేర్చింది. ఆ కుటుంబానికే చెందిన పైప్‌ఫిష్ కూడా అందులో చేరింది. పట్టడం, కొనడం, అమ్మడం జైలుకు దారితీసే నేరం. అంతర్జాతీయంగా కూడా, వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం సముద్రపు గుర్రాలను రెండో అనుబంధంలో చేర్చింది. ఆ నియంత్రణ 2004 మే నుంచి అమల్లో ఉంది. హవాయిలోని కోనా లాంటి చోట్ల పెంపకం కేంద్రంలో పుట్టినవాటిని అమ్ముతారు, అక్కడివాళ్లు వాటిని కాగితాలతో కొనుక్కుంటారు. మన దగ్గర చీకటి బేరంగా ప్లాస్టిక్ సంచీలో చేతికొచ్చే గుర్రం ఎక్కడిదో ఊహించడం కష్టమేమీ కాదు. పాక్ జలసంధిలోనో, మన తీరంలోనో ట్రాల్ వలలో పడ్డది.

చట్టం ఉందని మాత్రమే కాదు, ఆ జీవి బతుకు తెలిసినా మనసొప్పదు. ఆడది గుడ్లను మగదాని పొట్ట మీది సంచీలో పెడుతుంది. మూడు వారాలు, అటూ ఇటూగా, మగదే మోస్తుంది, మగదే కంటుంది. మన తీరాల్లో కనిపించే ‘కుడా’ అనే రకంలో ఒక్క కాన్పుకు వందల పిల్లలు. వాటిలో పెరిగి పెద్దయ్యేవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. చాలా రకాల్లో కాన్పుల కాలమంతా జత విడిపోదు. ఆస్ట్రేలియా తీరంలో ఉండే వైట్స్ అనే రకంలో ఆ జత ప్రతి పొద్దునా ఒకదాని దగ్గరికొకటి వచ్చి, రంగు కాస్త మార్చుకుని, కలిసి తిరిగి, మళ్లీ దేని చోటికి అది పోతుందని పరిశోధకులు నమోదు చేశారు. తిరిగేది కొద్ది మీటర్ల చోటే. అలాంటి చోటి నుంచి ఒక మగదాన్ని పట్టుకొస్తే దాని కడుపులోని పిల్లలు పోయినట్టే, అక్కడ మిగిలిన ఆడదానికి జత దొరకడం కష్టమే. విశాఖ, కాకినాడ వైపు వలల్లో అడపాదడపా పడే గుర్రాలను మత్స్యకారులు బతికుండగానే తిరిగి నీళ్లలో వదిలితే అదే పెద్ద సాయం.

మన దేశంలో వీటిని పెంచడం చేతకాక కాదు. కేరళలోని విళింజంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, గోవాలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఈ ‘కుడా’ రకం సముద్రపు గుర్రాలను తొట్టెల్లో పిల్లలు పెట్టించాయి. అది పరిశోధన. అనుమతితో, నిపుణులతో జరిగే పని. అలా పుట్టినవి చట్టబద్ధంగా ఇళ్లకు అందే దారి ప్రభుత్వం ఎప్పుడైనా తెరిస్తే అప్పుడు మాట్లాడుకుందాం. అందాకా మన జంట తొట్టిలో వాటికి చోటు లేదు.

మరి చిన్న తొట్టి వృథా అవుతుందా? కాదు. నా ఉద్దేశంలో అప్పుడే దానికి మంచి పని దొరుకుతుంది. దాన్ని నాచుతొట్టిగా మార్చండి. కీటోమార్ఫా అనే పచ్చటి సముద్రపు నాచు ఉంటుంది, చిక్కుపడ్డ నైలాన్ దారపు ఉండలా కనిపిస్తుంది. అది పెద్ద తొట్టిలో పోగయ్యే నైట్రేటును, ఫాస్ఫేటును తిని పెరుగుతుంది. నెలకోసారి కొంత తీసి పారేస్తే ఆ మురికంతా తొట్టి నుంచి బయటికి పోయినట్టే. దాని మీద దీపం రాత్రిపూట వెలగాలి, పెద్ద తొట్టి దీపం పగలు వెలగాలి. చీకట్లో పెద్ద తొట్టిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి నీళ్లు పులుపు వైపు జారుతుంటే, అదే వేళకు నాచు దాన్ని పీల్చుకుని సరిచేస్తుంది. నాచు మధ్య కోపిపాడ్స్ అనే కంటికి కనీకనిపించని పురుగులు పెరుగుతాయి. మెత్తటి ప్రవాహంలో అవి కొట్టుకుపోకుండా నిలిచి, కొన్ని కొన్నిగా పెద్ద తొట్టిలోకి చేరి చేపలకు ఆహారమవుతాయి. సముద్రపు గుర్రం కోసం వాల్వు తిప్పి చేసిన ఆ నెమ్మది ఏర్పాటే ఇక్కడ పనికొస్తుంది.

పెద్ద తొట్టిలోకి హేచరీలో పుట్టిన క్లౌన్‌ఫిష్ జత తెచ్చుకోండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారి మండపం, విళింజం కేంద్రాలు వీటిని పెంచే పద్ధతి ఎప్పుడో సాధించాయి. లక్షద్వీప్‌లోని అగత్తిలో ఇలాంటి అలంకార జీవుల పెంపకాన్ని స్త్రీల బృందాలకు నేర్పారు. తండ్రి కాపలా చూడాలన్న కోరిక ఉన్నవాళ్లకు ఈ చేప నిరాశ మిగల్చదు. మా తొట్టిలో చేవెళ్ల సంతలో కొన్న మట్టికుండ పెంకు ఒకటి బోర్లా పెట్టాను. దాని లోపలి పక్కకు నారింజరంగు గుడ్లు వరుసగా అతికించి ఆడది పక్కకు తప్పుకుంటుంది. మగది ముందు రెక్కలతో రాత్రీ పగలూ వాటికి నీళ్లు విసురుతూనే ఉంటుంది. పాడైన గుడ్డు తెల్లబడగానే నోటితో తీసి పడేస్తుంది. వేలు దగ్గరికి పెడితే కరవడానికి వస్తుంది. గుడ్లలో కళ్లు వెండి చుక్కల్లా మెరవడం మొదలైతే ఒకటి రెండు రాత్రుల్లో పొదుగుతాయని గుర్తు. వారం, పది రోజుల్లో, దీపం ఆరిపోయాక, పిల్లలు బయటికి వస్తాయి.

ఇక మన ఊళ్ల వరకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. తొట్టి నుంచి నెలకు 50, 60 లీటర్ల ఉప్పునీళ్లు తీసి కొత్తవి పోయాలి. 60 లీటర్లలో రెండు కిలోలకు పైగా ఉప్పు ఉంటుంది. ఏడాదికి పాతిక కిలోలు. ఆ నీళ్లు ఎక్కడ పోస్తున్నారు? మొక్కల పాదుల్లోనా, ఇంకుడు గుంతలోనా, ఇంటి వెనక వాగులోనా?

జన్వాడ ఉన్నది ఉస్మాన్‌సాగర్‌కు నీళ్లు చేర్చే నేల మీద. 1908 మూసీ వరద తర్వాత కట్టి 1920లో పూర్తిచేసిన ఆ జలాశయాన్నీ, దాని తర్వాతి హిమాయత్‌సాగర్‌నూ కాపాడడానికి 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. అందులోని 84 గ్రామాల్లో జన్వాడ కూడా ఉంది. 2022లో ఆ జీవో ఆంక్షలను ఎత్తేస్తూ జీవో 69 వచ్చింది, దాని మీద వాదోపవాదాలు నడిచాయి. జీవో ఉన్నా పోయినా నేల వాలు మారదు. ఇక్కడ పోసిన నీళ్లు ఆ వైపే పోతాయి. శంకర్‌పల్లి వైపు నుంచి జన్వాడ మీదుగా వెళ్లే బుల్కాపూర్ నాలా ఒకప్పుడు హుస్సేన్‌సాగర్‌కు నీళ్లు మోసిన కాలువ. చేవెళ్ల కూరగాయలు, మొయినాబాద్ పూలు పండేది ఈ నేలలోనే. సోడియం చేరిన మట్టి గడ్డకట్టి నీళ్లు ఇంకనివ్వదు, ఒకసారి పాడైతే బాగవడానికి ఏళ్లు పడుతుంది.

శుద్ధి కేంద్రం ఉన్న గేటెడ్ కాలనీ అయితే కొద్దికొద్దిగా మురుగు గొట్టంలో వదలొచ్చు, ముందు కాలనీ మెయింటెనెన్స్ వాళ్లను అడిగి. ఊళ్లో సెప్టిక్ ట్యాంకు ఇల్లయితే అదీ వద్దు. మన నౌపడా, చినగంజాం ఉప్పుమళ్లలో చేసే పనే మేడ మీద చేయండి. రెండు చదరపు మీటర్ల వెడల్పాటి పళ్లెం, లోపల పరిచిన నల్ల ప్లాస్టిక్ పట్టా, అందులో మూడు సెంటీమీటర్ల లోతున ఉప్పునీళ్లు. ఏప్రిల్, మే ఎండలకు వారం లోపే నీళ్లు ఆవిరైపోతాయి. అడుగున మిగిలిన ఉప్పును గోకి, సంచీలో కట్టి, చెత్తబండికి ఇవ్వండి. వానాకాలంలో నీళ్లను డ్రమ్ముల్లో మూతపెట్టి దాచి, ఎండ వచ్చాక ఆరబెట్టాలి. ఈ ఏర్పాటు చేసుకోలేనివాళ్లు ఉప్పునీటి తొట్టి జోలికి పోకపోవడమే మంచిది. మంచినీటి తొట్టిలో కూడా చూడముచ్చటైన చేపలు ఎన్నో ఉన్నాయి.

దుకాణంలో ఎవరైనా సముద్రపు గుర్రాలు తెప్పిస్తామంటే కొనకండి, అటవీశాఖకు చెప్పండి. కొనే ప్రతి చేపకూ అది ఏ హేచరీలో పుట్టిందో అడిగి బిల్లు తీసుకోండి. తొట్టి ఉప్పునీళ్లు ఒక్క బకెట్ కూడా వాగులో, నాలాలో, మన బోర్ల చుట్టూ పోయకండి.